హ్యూస్టన్ నుంచి న్యూ ఆర్లియన్స్ వెళ్లే దారిలో: బేటన్ రూజ్‌లోని ఎల్‌ఎస్‌యూ బేస్‌బాల్ స్టేడియం

కోనసీమ_హ్యూస్టన్:

అందరికీ నమస్కారం. హ్యూస్టన్‌లో ఉండే మన కుటుంబాలు న్యూ ఆర్లియన్స్ వెళ్లాలనుకుంటే తెల్లవారుజామున బయలుదేరి, ఐ-10 రహదారి మీద ఏకబిగిన కారు నడిపి, మధ్యాహ్న భోజనం వేళకు అక్కడికి చేరిపోవడమే చూస్తుంటాం. ఈ మార్చిలో పిల్లల సెలవులకు మేమూ అదే దారిన వెళ్లాం కాని, బేటన్ రూజ్‌లో ఒక రాత్రి ఆగి, లూసియానా స్టేట్ యూనివర్సిటీ (ఎల్‌ఎస్‌యూ) వారి అలెక్స్ బాక్స్ స్టేడియంలో బేస్‌బాల్ ఆట చూసి, మరునాడు ముందుకు సాగాం. మన ప్రయాణాల ముచ్చట్లలో జలపాతాలు, గుళ్లు, థీమ్ పార్కులు తరచుగా వస్తాయి గాని, కళాశాల స్టేడియం ప్రస్తావన నాకు ఎక్కడా కనిపించలేదు. అందుకే ఇది కాస్త వివరంగా రాస్తున్నాను.

మాతో అమ్మా నాన్నగారూ కూడా వచ్చారు. మాది అమలాపురం దగ్గరి పల్లె. నాన్నగారు రేడియోలో క్రికెట్ వ్యాఖ్యానం వింటూ పెరిగిన తరం. లాఫయెట్ దాటాక అచఫలాయా చిత్తడి నేలల మీదుగా దాదాపు 18 మైళ్లు సాగే వంతెన ఎక్కింది మొదలు ఆయన కిటికీలోంచి చూపు మరల్చలేదు. సాయంత్రం విశ్వవిద్యాలయం పక్కనే ఉన్న మిసిసిపీ కరకట్ట ఎక్కి నిలబడి, అచ్చం మన గోదావరి ఏటిగట్టులా ఉందన్నారు. గట్టుకు ఇవతలి పల్లంలో ఊరు, అవతల ఊరి కంటే ఎత్తున పారే నది. ఆయన అన్నది నిజమే.

మేము చూసింది వారం మధ్యలో జరిగే మామూలు ఆట. 10,326 మంది కూర్చోగల స్టేడియంలో చాలా కుర్చీలు ఖాళీగా ఉండడం వల్ల, నాన్నగారికి మెట్లు ఎక్కువ ఎక్కే పని లేకుండా మొదటి బేస్ (పరుగు కోసం చుట్టిరావలసిన మజిలీల్లో మొదటిది) వైపు కింది వరుసల్లో చోటు దొరికింది. అంత దగ్గర నుంచి చూస్తే ఈ ఆట టీవీలో కనిపించే ఆటలా ఉండదు. బంతి వేసే పిచర్ వేళ్ల మధ్య దాన్ని తిప్పుకోవడం, బ్యాటర్ వెనుక కూర్చుని బంతి పట్టే క్యాచర్ తొడ మాటున సైగ చేయడం, బంతి వేయకముందే లోపలి వరుస ఫీల్డర్లు మునివేళ్ల మీదికి రావడం, అన్నీ కళ్లెదుటే జరుగుతాయి. లోహపు బ్యాటు బంతిని తాకినప్పుడు వచ్చే ఖంగుమన్న చప్పుడు మా బాబుకు ఎంత నచ్చిందంటే, న్యూ ఆర్లియన్స్ దాకా కారులో దాన్నే అనుకరిస్తూ వచ్చాడు.

మా ముందు వరుసలో ఒక పెద్దావిడ పెన్సిలుతో స్కోరు పుస్తకం నింపుతున్నారు. మా అమ్మాయి తొంగి తొంగి చూడడం గమనించి, పక్కన కూర్చోబెట్టుకుని నేర్పించారు. ఫీల్డింగ్ స్థానాలకు ఒకటి నుంచి తొమ్మిది వరకు అంకెలుంటాయట. షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) బంతి ఆపి రెండో బేస్ దగ్గరి ఆటగాడికి విసిరితే, అతడు మొదటి బేస్‌కు పంపి ఇద్దరినీ అవుట్ చేయిస్తే, గడిలో 6-4-3 అని రాస్తారు. మూడు స్ట్రైకులైతే బ్యాటర్ అవుట్; ఆ మూడో స్ట్రైక్‌కు బ్యాటు ఊపి తప్పినవాడికి కె అనే ఆంగ్ల అక్షరం రాస్తారు. ఊపకుండా చూస్తూ నిలబడిపోయినవాడికి అదే అక్షరాన్ని అద్దంలో చూసినట్టు తిప్పి రాస్తారు. నాలుగో ఇన్నింగ్స్ నుంచి ఆ పెన్సిల్ మా అమ్మాయి చేతికే వచ్చింది. ముక్కూ మొహం తెలియని కుటుంబాన్ని అలా పక్కకు పిలిచి కూర్చోబెట్టుకునే తీరిక ఆ స్టేడియంలో ఉంది. పిల్లలతో ఆ దారిన వెళ్లేవారు అక్కడ ఒక్క పూట ఆగాలని నేను గట్టిగా చెబుతాను.

బేటన్‌రూజ్_పరిశోధకుడు:

కోనసీమ గారూ, మా ఊరి గురించి ఇంత ప్రేమగా రాసినందుకు ధన్యవాదాలు. నేను ఇక్కడే పరిశోధన చేస్తున్నాను. స్టేడియం చరిత్ర కొంత తెలిసి వెళ్తే చూసేదానికి మరింత అర్థం ఉంటుంది.

అలెక్స్ బాక్స్ ఇదే విశ్వవిద్యాలయం తరఫున ఆడిన విద్యార్థి. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలో చేరి 1943లో ఉత్తర ఆఫ్రికాలో మరణించాడు. 1938లో కట్టిన పాత మైదానానికి 1943లోనే అతని పేరు పెట్టారు. 2009లో కొంచెం దక్షిణంగా కొత్త స్టేడియం కట్టినప్పుడు దాతల పేరో, కంపెనీ పేరో పెట్టకుండా పాత పేరునే కొనసాగించారు. డబ్బు ఇంతగా పారే కళాశాల క్రీడల్లో ఒక సైనికుడి పేరు అలా నిలవడం నాకు గొప్ప విషయంగా తోస్తుంది.

లోపలి ఆటస్థలానికి మాత్రం స్కిప్ బెర్ట్‌మన్ పేరుంది. 1984 నుంచి 2001 వరకు శిక్షకుడిగా ఉండి ఐదుసార్లు, అంటే 1991, 1993, 1996, 1997, 2000 సంవత్సరాల్లో, జట్టును జాతీయ విజేతగా నిలిపినవారాయన. ఆయన విగ్రహం స్టేడియం బయట ఉంది. ఆ తరువాత 2009, 2023, 2025లో వచ్చిన విజయాలతో కలిపి ఎనిమిది. ఇంతకంటే ఎక్కువ గెలిచినది 12 టైటిళ్లున్న సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఒక్కటే. కుడి ఫీల్డ్ గోడ వెనుక, జట్టు చిహ్నమైన పులి బొమ్మతో, గెలిచిన సంవత్సరాలన్నీ రాసిన పెద్ద బోర్డును ఇక్కడ 'ఇంటిమిడేటర్' అంటారు. ఎదుటి జట్టు బ్యాటింగ్‌కు వచ్చినప్పుడల్లా అది కంట పడవలసిందే.

ఇక్కడ ఎవరిని కదిపినా చెప్పే కథ ఒకటుంది. 1996 జూన్ 8న, కళాశాలల జాతీయ పోటీ చివరి దశ జరిగే నెబ్రాస్కాలోని ఓమాహాలో, మయామీతో ఫైనల్ జరుగుతోంది. చివరి ఇన్నింగ్స్‌లో ఎల్‌ఎస్‌యూ 7-8తో ఒక్క పరుగు వెనుకబడి ఉంది. అప్పటికే ఇద్దరు అవుట్. మూడో బేస్ మీద ఒక రన్నర్ ఉన్నాడు. మణికట్టు ఎముకకు శస్త్రచికిత్స జరిగి సీజన్‌లో చాలా భాగం ఆడలేకపోయిన వారెన్ మోరిస్ బ్యాటింగ్‌కు వచ్చాడు. ఆ ఏడాది అతనికి అప్పటిదాకా ఒక్క హోమ్ రన్ కూడా లేదు (బంతి గోడ దాటితే హోమ్ రన్; బేస్‌ల మీద ఉన్నవారికీ బ్యాటర్‌కూ పరుగులొస్తాయి). మొదటి బంతినే కుడి ఫీల్డ్ గోడ మీదుగా బొటాబొటిగా దాటించాడు; 9-8తో ఎల్‌ఎస్‌యూ గెలిచింది. మయామీ ఆటగాళ్లు నిలబడ్డచోటే నేల మీద వాలిపోయారు. అప్పటికి పుట్టని విద్యార్థులు కూడా ఈ ఘట్టాన్ని కళ్లారా చూసినట్టే వర్ణిస్తారు.

ఇంకొక్క మాట. అక్కడికి దగ్గరలోనే ఫుట్‌బాల్ స్టేడియం పక్కన మైక్ అనే నిజమైన పులి ఉంటుంది. 1936 నుంచి విశ్వవిద్యాలయం పులిని పెంచుతోంది, ఇప్పుడున్నది ఏడవది. చూడడానికి టికెట్ లేదు. చిన్నపిల్లలున్నవారు పగటిపూట అక్కడికి వెళ్లి, సాయంత్రం ఆటకు రావచ్చు.

ప్లానో_నాన్న:

ఇద్దరి వివరణా శ్రద్ధగా చదివాను. అయినా నాకు కొన్ని సందేహాలున్నాయి. హ్యూస్టన్‌లోనే పెద్ద లీగ్ జట్టు ఆస్ట్రోస్ స్టేడియం ఉంది. ఎండ కాస్తే పైకప్పు మూసి ఏసీ వేస్తారు. ఆడేవారు ప్రపంచంలోనే అగ్రశ్రేణి ఆటగాళ్లు. అది వదిలి, అరవై, డెబ్బై ఏళ్ల పెద్దలను లూసియానా ఉక్కలో మూడు గంటలు కూర్చోబెట్టి, ఎవరికీ తెలియని కుర్రాళ్ల ఆట చూపించడం వల్ల వచ్చే అదనపు లాభం ఏమిటి? పైగా న్యూ ఆర్లియన్స్‌లో గడపవలసిన సమయంలో ఒక పూట పోతుంది. మన ఇళ్లల్లో సెలవులు దొరికేదే కొద్ది రోజులు కదా.

కోనసీమ_హ్యూస్టన్:

ప్లానో గారూ, న్యాయమైన ప్రశ్న. మేము ఆస్ట్రోస్ ఆటకు కూడా వెళ్లాం. అక్కడి ఆట స్థాయి వేరు, కాదనను. కాని కుటుంబమంతా దగ్గరగా కూర్చోవాలంటే పెట్టవలసిన ఖర్చు చాలా ఎక్కువ కావడంతో పై అంతస్తులో కూర్చున్నాం. నాన్నగారు ఆటంతా పెద్ద తెర మీదే చూశారు. బేటన్ రూజ్‌లో తెర వైపు చూసే అవసరమే రాలేదు.

రెండో విషయం నాకు మరింత ముఖ్యం. పెద్ద లీగ్ జట్టు ఒక వ్యాపార సంస్థ. కళాశాల జట్టు ఆ ఊరిది. మా పక్కన కూర్చున్నవారిలో ఆ విశ్వవిద్యాలయంలో చదివినవారు, వారి పిల్లలు, మనవలు ఉన్నారు. షార్ట్‌స్టాప్‌గా ఆడే అబ్బాయి మరునాడు పొద్దున తరగతికి వెళ్తాడు. మన పిల్లలు మరికొన్నేళ్లలో ఇలాంటి ప్రాంగణాల్లోకే అడుగుపెట్టబోతున్నారు. కళాశాల అంటే ర్యాంకులు, ఫీజులు, ప్రవేశ పరీక్షలు మాత్రమే కాదని, ఊరంతా తన సొంతమనుకునే ఒక చోటు కూడానని మా అమ్మాయి ఆ సాయంత్రం తనంతట తానే తెలుసుకుంది. నేను ఎన్ని మాటలు చెప్పినా అది తెలిసేది కాదు.

ఇక 'ఎవరికీ తెలియని కుర్రాళ్లు' అన్నారు. 2023లో ఇదే మైదానంలో ఆడిన పాల్ స్కీన్స్, డిలన్ క్రూస్ ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో, అంటే పెద్ద లీగ్ జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమంలో, వరుసగా మొదటి, రెండో స్థానాల్లో ఎంపికయ్యారు. ఒకే కళాశాల నుంచి అలా జరగడం అదే మొదలు. స్కీన్స్ ఆ సీజన్‌లో 209 మందిని స్ట్రైక్ అవుట్ చేశాడు. అలెక్స్ బ్రెగ్‌మన్, ఆరన్ నోలా కూడా ఇక్కడివారే. రేపు పెద్ద తెర మీద చూడబోయేవారిని ఈ రోజు కింది వరుసలో కూర్చుని చూడవచ్చు.

తెనాలి_విశ్రాంత_ఉపాధ్యాయుడు:

అయ్యా, నేను ప్రస్తుతం మా అబ్బాయి దగ్గరికి అట్లాంటా వచ్చి ఉన్నాను. ఈ చర్చ చదివాక నాకూ ఒక ఆట చూడాలనిపించింది. అయితే క్రికెట్ మాత్రమే తెలిసిన నాబోటివాడు ముందుగా ఏమేమి తెలుసుకుని వెళ్లాలి? ఒక్కొక్కసారి బంతిని కొట్టకుండానే బ్యాట్స్‌మన్ తాపీగా నడిచి మొదటి బేస్‌కు వెళ్లిపోతున్నాడు. అది ఎందుకో అర్థం కాలేదు. ఎవరైనా ఓపికగా చెప్పగలరా?

క్యాచర్_వాళ్లమ్మ:

మాస్టారూ, నమస్కారం. మా అబ్బాయి హైస్కూల్ జట్టులో క్యాచర్‌గా ఆడతాడు. వాడి వెంట తిరిగి నేర్చుకున్నది మీకు చెబుతాను.

ముందుగా ఓవర్లను మరచిపోండి. ఇక్కడ లెక్క అవుట్లకే. ఒక్కో జట్టుకు తొమ్మిది ఇన్నింగ్స్. ఇన్నింగ్స్‌కు మూడు అవుట్లు. అంటే మొత్తం 27. బ్యాటర్ మోకాళ్లకూ ఛాతీకీ మధ్య, హోమ్ ప్లేట్ (బ్యాటర్ పక్కన నేల మీద ఉండే పలక) వెడల్పు మేరకు ఒక కనిపించని చట్రం ఉందనుకోండి. అందులోంచి బంతి పోయినా, అతను బ్యాటు ఊపి తప్పినా స్ట్రైక్. మూడు స్ట్రైకులకు అవుట్. చట్రం బయట పడిన బంతిని అతను వదిలేస్తే అది 'బాల్'. అలాంటివి నాలుగు వేస్తే పిచర్‌కు శిక్షగా బ్యాటర్‌కు మొదటి బేస్ ఉచితం. మీరు చూసిన నడక అదే. అందువల్ల బంతిని వదిలేయడం కూడా ఇక్కడ ఒక విద్య. మన టెస్టు ఆటలో ఆఫ్ స్టంప్ బయటి బంతిని వదిలేసే ఓపెనర్‌ను మెచ్చుకునేవారికి ఇది వెంటనే నచ్చుతుంది.

క్రికెట్ పిచ్ 66 అడుగులు కదా. ఇక్కడ పిచర్ నిలబడే చోటి నుంచి ప్లేట్ వరకు 60 అడుగుల 6 అంగుళాలే. పరుగెత్తుకుంటూ రాడు, బంతి నేలకు తగలదు. గాలిలోనే వంపు తిరుగుతుంది. ఆ వంపు బాగా తెలియాలంటే ప్లేట్ వెనుక వరుసల్లో, వల మాటున కూర్చోండి.

కళాశాల ఆటలో లోహపు బ్యాట్లను 1974 నుంచి అనుమతిస్తున్నారు. వాటి వల్ల ఒక దశలో హోమ్ రన్లు మితిమీరాయి. 1997లో ఎల్‌ఎస్‌యూ ఒక్క సీజన్‌లో 188 కొట్టింది, ఆ రికార్డు ఇంకా నిలిచే ఉంది. బంతి మరీ వేగంగా దూసుకురాకుండా 2011లో బ్యాట్ల ప్రమాణాలను కట్టుదిట్టం చేశారు. క్యాచర్ తల్లిగా ఆ నిర్ణయం నాకు ఎంతో ఊరట.

నాష్‌విల్_నివాసి:

మాస్టారూ, అట్లాంటా నుంచి కారులో నాష్‌విల్ నాలుగు గంటల దూరం. పిల్లలతో ఇక్కడి గణేశాలయానికి వచ్చేవారు వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలోని హాకిన్స్ ఫీల్డ్ కూడా చూడవచ్చు. నాలుగు వేలమంది కూడా పట్టని చిన్న స్టేడియం.

ఆ మైదానంతో భారతీయులకు ఒక అనుబంధం ఉంది. అక్కడ ఆడిన పిచర్ కుమార్ రాకర్ తల్లి లలిత గారు భారతీయ సంతతివారు. ఆమె పుట్టింటి పేరే కుమారుడి పేరయింది. 2019 జూన్ 8న, ఓమాహాకు ముందు దశ అయిన సూపర్ రీజనల్ రెండో ఆటలో, ముందురోజు 18-5తో ఓడి ఇంకొక్కటి ఓడితే ఇంటికే అన్న స్థితిలో ఉన్న జట్టు కోసం, మొదటి ఏడాది విద్యార్థి అయిన అతడు డ్యూక్ జట్టుకు ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా 19 మందిని స్ట్రైక్ అవుట్ చేశాడు. పైన పరిశోధకుడు గారు చెప్పిన మోరిస్ హోమ్ రన్ తేదీ కూడా జూన్ 8 కావడం చూసి ఆశ్చర్యపోయాను. 2019లో వాండర్‌బిల్ట్ జాతీయ విజేత అయింది. రాకర్ ఓమాహాలో ఉత్తమ ఆటగాడయ్యాడు. 2022 డ్రాఫ్ట్‌లో టెక్సాస్ రేంజర్స్ అతన్ని మూడో స్థానంలో ఎంపిక చేసుకున్నారు. మా పిల్లలకు ఆ మైదానాన్ని చూపిస్తూ ఈ కథ చెప్పినప్పుడు, స్కోరుబోర్డు మీద 'కుమార్' అన్న పేరును ఊహించుకుని వాళ్లు పొందిన సంతోషం చెప్పనలవి కాదు.

కాకినాడ_కేటీ:

తిండి సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను రాస్తాను. శాకాహారులు లోపల దొరికేదాని మీద ఆధారపడవద్దు. లూసియానా వంటల్లో మాంసం ఎక్కడ ఉందో పైకి కనిపించదు: జంబలాయా అన్నంలో సాసేజ్ ఉంటుంది, బూడాన్‌లో పంది మాంసం ఉంటుంది, గంబోలో రొయ్యలో కోడో తప్పదు. పాప్‌కార్న్, వేరుశనగ కాయలు, నాచోస్‌తో పిల్లలు సరిపెట్టుకుంటారు గాని పెద్దవాళ్లకు అవి భోజనం కాదు.

మేము అక్కడివారి పద్ధతినే అనుసరించాం. ఆటకు ముందు కారు వెనుక తలుపు ఎత్తి, మడత కుర్చీలు వేసుకుని, అక్కడే వండుకు తినే ఆనవాయితీ వారిది. మేమూ కుర్చీలు వేసి పులిహోర, పెరుగన్నం, ఆవకాయ తెరిచాం. పక్క కారువాళ్లు పులిహోర రుచి చూసి, వండిన విధానం అడిగి రాసుకున్నారు. లోపలికి మాత్రం పారదర్శకమైన ప్లాస్టిక్ సంచులే అనుమతిస్తారు. చేతిసంచి, వీపు సంచి కారులోనే వదలాలి. పసిపిల్లలున్నవారు, మందులు వెంట ఉంచుకోవలసిన పెద్దలు ఉన్నవారు విశ్వవిద్యాలయం వెబ్‌సైట్‌లో ఆ నిబంధనలు చదివి బయలుదేరండి.

కాలేజ్‌స్టేషన్_పాతవాసి:

డాలస్ వైపువారికి బేటన్ రూజ్ దూరమనిపిస్తే, మూడు గంటల్లో చేరగల కాలేజ్ స్టేషన్ ఉంది. టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయం వారి ఆల్సన్ ఫీల్డ్‌లో నేను చదువుకునే రోజుల్లో చూసిన ఆటలు ఇప్పటికీ గుర్తున్నాయి. ఎదుటి పిచర్ వరుసగా నాలుగు 'బాల్'లు వేసి ఒకరిని నడిపించాడా, తరువాత స్ట్రైక్ పడేదాకా స్టేడియమంతా 'బాల్ ఐదు', 'బాల్ ఆరు' అని గొంతెత్తి లెక్కపెడుతుంది. మన జట్టు పరుగు తీస్తే పిల్లలు సబ్బు బుడగలు ఊదుతారు. పక్కనున్న పట్టాల మీద గూడ్సు బండి వెళ్తే దానికీ కేకలే.

అదే ప్రాంగణంలో పెద్ద బుష్ అధ్యక్ష గ్రంథాలయం ఉంది. ఆయన సమాధి కూడా అక్కడే. యేల్ విశ్వవిద్యాలయం తరఫున మొదటి బేస్‌మన్‌గా ఆడి, 1947లో జరిగిన మొట్టమొదటి కాలేజ్ వరల్డ్ సిరీస్‌లో (కళాశాలల జాతీయ పోటీలో) పాల్గొన్నవారాయన. ఉదయం గ్రంథాలయం, సాయంత్రం ఆట. పిల్లలకు ఇంతకంటే మంచి రోజు ఆ దారిలో దొరకదు.

ప్లానో_నాన్న:

అందరికీ కృతజ్ఞతలు. ఏప్రిల్‌లో అత్తగారూ మావగారూ వస్తున్నారు. శ్రీవ్‌పోర్ట్ మీదుగా ఐ-49 పట్టుకుని లాఫయెట్ చేరి, అక్కడి నుంచి బేటన్ రూజ్ వెళ్లాలని అనుకుంటున్నాం. ఏ రోజు ఆటకు వెళ్తే మంచిది? ఒకవేళ ఆట కుదరకపోతే ఊరికే స్టేడియం చూడడానికి వెళ్లడంలో అర్థముందా?

బేటన్‌రూజ్_పరిశోధకుడు:

ప్లానో గారూ, సీజన్ ఫిబ్రవరి మధ్యలో మొదలై మే చివరి వరకు ఉంటుంది. ఎల్‌ఎస్‌యూ అగ్రశ్రేణి జట్లలో ఒకటైతే జూన్ మొదట్లో జాతీయ పోటీలు సొంత మైదానంలోనే జరగవచ్చు. ఆ పైన ఎనిమిది జట్లు ఓమాహాకు వెళ్తాయి. మామూలుగా తమ కాన్ఫరెన్స్ (లీగ్) లోని జట్లతో శుక్ర, శని, ఆదివారాల్లో వరుసగా మూడు ఆటలుంటాయి. జట్టులోని మేటి పిచర్‌ను సాధారణంగా శుక్రవారమే దింపుతారు. కాబట్టి ఆట నాణ్యత కావాలంటే శుక్రవారం రండి, టికెట్లు మాత్రం చాలా ముందుగా కొనండి. పెద్దవాళ్ల సౌకర్యం, దగ్గరి కుర్చీలు, తక్కువ ధర కావాలంటే మంగళ, బుధవారాల సాయంత్రపు ఆట ఎంచుకోండి. మీతో వచ్చేవారిని బట్టి చూస్తే నేను మంగళవారమే మేలంటాను. సాయంత్రం ఆట కనుక ఎండ బాధ కూడా తక్కువ. ఆదివారం మధ్యాహ్నపు ఆట ఏప్రిల్‌లో పెద్దలకు వద్దు.

ఆట లేని రోజున లోపలికి వెళ్లడం కుదురుతుందన్న నమ్మకం పెట్టుకోకండి. అయినా బెర్ట్‌మన్ విగ్రహం, పులి, కరకట్ట చూసుకుంటే ఒక పూట సరిపోతుంది. మీ తేదీలు ఖరారయ్యాక ఇక్కడే రాయండి. ఆ వారం ఎవరితో ఆట ఉందో చూసి, ఏ వైపు కుర్చీలు తీసుకోవాలో చెబుతాను.